ఉల్లి – పంట, పోషణ, నిల్వ

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మన పెద్దల మాట. కోస్తాలో ఉల్లిపాయ, తెలంగాణలో ఉల్లిగడ్డ, మా రాయలసీమలో ఎర్రగడ్డ. పేరేదయినా ఇది లేని వంటిల్లు అరుదు. అయితే ఆ మేలు తినేవానికి ఎంత, పండించేవానికి ఎంత అన్న ప్రశ్నకు సామెతలో జవాబు లేదు. కర్నూలు ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టి, వృక్షశాస్త్రం చదువుకుంటున్న విద్యార్థిగా ఈ రెండు వైపులా క్లుప్తంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొక్క పరిచయం

ఉల్లి శాస్త్రీయ నామం ఆలియమ్ సెపా. వెల్లుల్లి, ఐరోపావారు కూరగా వండుకునే లీక్ దీని దాయాదులే. లీక్‌కు ఉల్లిలాగా గడ్డ ఊరదు. మొదట్లో మట్టి ఎగదోసి తెల్లబరచిన కాడనే తింటారు. పాత పుస్తకాలు వీటన్నిటినీ లిలియేసి కుటుంబంలో చేర్చాయి. ఇప్పటి వర్గీకరణ ప్రకారం ఇవి అమరిల్లిడేసి కుటుంబానికి చెందినవి.

ఉల్లిపొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి కణాలు చూడని బి.ఎస్సీ. విద్యార్థి ఉండడు. వేరు కొనలో సమవిభజన చూసి, 16 క్రోమోజోములు లెక్కపెట్టడానికి మనమంతా తంటాలు పడ్డవాళ్ళమే. గడ్డ అని మనం పిలిచేది నిజానికి ఆకుల అడుగు భాగాలు. అవి ఆహారం నింపుకొని ఒకదానిపై ఒకటి పొరలుగా చుట్టుకొంటాయి. అసలు కాండం అడుగున చిన్న బిళ్ళలా ఉంటుంది. పొరల నడుమ మొగ్గ నిద్రావస్థలో ఉంటుంది. అంటే పెరికిన తరువాత కూడా గడ్డకు ప్రాణం ఉంటుంది, శ్వాసక్రియ సాగుతూనే ఉంటుంది.

పోషక విలువలు

100 గ్రాముల పచ్చి ఉల్లిలో సుమారు 89 గ్రాములు నీరే. పిండిపదార్థాలు 9 గ్రాములు, మాంసకృత్తులు 1 గ్రాము, విటమిన్ సి 7 మిల్లీగ్రాములు, శక్తి 40 కిలోకాలరీలు. ఈ అంకెలు చూస్తే ఒంటికి బలం ఉల్లి వల్ల వస్తుందనడం అతిశయోక్తే. సర్వరోగ నివారిణి అనడం అంతకంటె అతిశయోక్తి.

మరి మేలెక్కడుంది? ఉల్లిలోని పిండిపదార్థాలలో ఫ్రక్టాన్లు అనేవి మన కడుపులో జీర్ణం కావు. పెద్దప్రేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకు అవి ఆహారం. క్వెర్సెటిన్ అనే పదార్థం బయటి పొరలలో ఎక్కువ. కనుక పైతొక్క తీసేటప్పుడు దానితోపాటు మంచి పొరను కూడా ఒలిచి పారేయడం దండగ. ఉల్లికాడలు ఇంకా మేలు. 100 గ్రాముల కాడల్లో విటమిన్ సి సుమారు 19 మిల్లీగ్రాములు, కాల్షియం 72 మిల్లీగ్రాములు ఉంటాయి. గడ్డలో లేని కెరోటిన్ కూడా ఉంటుంది.

కోసేటప్పుడు కన్నీళ్ళు తెప్పించేది గంధకం కలిగిన ఒక ఆవిరి. కత్తి పడగానే కణాలు తెగి, వేర్వేరు అరల్లో ఉన్న ఎంజైము, గంధకపు పదార్థం కలుసుకొంటాయి. ఆ చర్యలో పాల్గొనే మరో ఎంజైమును 2002లో జపాను శాస్త్రవేత్తలు కనుగొన్నారు. చల్లబరచిన గడ్డను కోస్తే ఎంజైముల వేగం తగ్గి మంట కూడా తగ్గుతుంది.

రైతు కన్నీళ్ళు

వంటింట్లో కన్నీళ్ళు నిమిషంలో ఆరిపోతాయి. రైతు సంగతి వేరు. నూటికి 89 పాళ్ళు నీరున్న గడ్డ, అందులోనూ ప్రాణమున్న గడ్డ, ఎక్కువ కాలం ఆగదు. కర్నూలు వైపు ఖరీఫ్ ఎర్రగడ్డ ఎక్కువ. అది కోతకొచ్చే సమయానికి వానలు ఇంకా వెనుదీయవు. మెడ సరిగా ఆరకపోతే అక్కడి నుంచే కుళ్ళు లోపలికి దిగుతుంది. నాలుగు రోజులు ఆగుదామంటే కుప్ప కారిపోతుంది. అందుకే అందరూ ఒకేసారి యార్డుకు తోలుతారు, ధర పడిపోతుంది. కోత కూలీ, గోతాలు, లారీ బాడుగ పోను చేతికి మిగిలేదేమిటో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. 2025లో ధర బాగా పడిపోయినప్పుడు క్వింటాలు 1200 రూపాయలకు కొంటామని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. 1998లో మాత్రం ధర పెరిగి, ఢిల్లీ శాసనసభ ఎన్నికలలో ఉల్లే పెద్ద చర్చనీయాంశమయింది. ఒకే పంట ఒక ఏడు తినేవాణ్ణి, ఒక ఏడు పండించేవాణ్ణి ఏడిపిస్తున్నది.

చేయదగినవి

కొన్ని జాగ్రత్తలు పెద్దగా ఖర్చులేనివి. యూరియా ఆలస్యంగా వేస్తే మెడ లావై గడ్డ త్వరగా చెడుతుంది. పైరు లేతగా ఉన్నప్పుడే వేయాలి. కోతకు 10–15 రోజుల ముందు నీళ్ళు ఆపాలి. సగం కాడలు వాలిపోయాక పెరకాలి. ఆకులతోనే కొన్నాళ్ళు ఆరనిచ్చి, గడ్డపైన 2 సెంటీమీటర్ల కాడ ఉంచి కోయాలి. ఆ తరువాత గాలి ఆడే పందిరి కింద, నేలకు తగలకుండా పలుచగా పరచాలి. ఆరితే తూకం తగ్గుతుందన్న భయం నిజమే. కాని ఆరిన గడ్డకు ఆగే శక్తి వస్తుంది, ఆగగలిగినవాడే బేరమాడగలడు. బాగా ఆరిన రబీ గడ్డ నాలుగయిదు నెలలు నిలుస్తుంది. వానల్లో ఆరబెట్టడానికి కప్పు కావాలి, అది చిన్నరైతు ఒక్కడి వల్ల కాదు. నలుగురు కలిసి వేసుకోవాలి, ప్రభుత్వం చేయూతనివ్వాలి.

మిత్రులారా! ప్రయోగశాలలో మనం చూసే ఉల్లి కణమూ, పొలంలో కుళ్ళే గడ్డా ఒకటే. మనలో చాలామంది సెలవులకు పల్లెలకు పోయేవాళ్ళమే. మెడ ఎందుకు ఆరాలో, యూరియా ఎప్పుడు ఆపాలో ఇంట్లో నాలుగు మాటలు చెప్పగలిగితే మన చదువుకూ కొంత సార్థకత ఉంటుంది.