ఆకుతుక్కు కింద ఈకరెక్కల పురుగు

అడవికి ఎవరూ ఎరువు వేయరు. అయినా అక్కడి మట్టి నల్లగా, గుల్లగా ఉంటుంది. దానికి కారణం రాలిన ఆకుల కిందే ఉంది. తడి ఆకుల్ని పైకెత్తి చూడండి. తెల్లటి బూజు, దాని మధ్య కంటికి ఆనీ ఆనని పురుగులు కనిపిస్తాయి. వాటిలో ఒకటి 'అక్రోట్రికిస్' అనే పెంకు పురుగుల ప్రజాతి. మనం ఈకరెక్కల పురుగు అందాం.

ఎలా ఉంటుంది?

పొడవు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. అంటే గసగసాల గింజంత. నల్లగానో, ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. పెంకుల కింద మడిచిపెట్టిన రెక్క ఈకలా ఉంటుంది. మధ్యలో సన్నటి కాడ, చుట్టూ వెంట్రుకలు. ఇంత చిన్న ప్రాణికి గాలి చిక్కటి ద్రవంలా తగులుతుంది. అందుకే వెంట్రుకల రెక్కలతోనే తెడ్డు వేసినట్టు ఎగురుతుంది.

ఏం తింటుంది?

బూజును, బూజు బీజాలను తింటుంది. పైరు జోలికి రాదు. ఈ ప్రజాతి పురుగులు అడవిలోనే కాదు, పెంటకుప్పలో, కంపోస్టు గుంటలో కూడా బతుకుతాయి. ఇదొక్కటే ఎరువు తయారుచేస్తుందని కాదు. బూజు, సూక్ష్మజీవులు, రోకలిబండలు, వానపాములు అన్నీ కలిస్తేనే ఆకు మట్టవుతుంది. ఈ పురుగు ఉందంటే అక్కడ తేమ ఉందని, ఆకు చివుకుతోందని గుర్తు.

మీరే చూడండి

ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి గరాటులా తిరగేయండి. లోపల జల్లెడ ముక్క పెట్టి గుప్పెడు తడి ఆకుతుక్కు వేయండి. కింద తడి కాగితం పరిచిన గిన్నె ఉంచి, పైన ఎండ తగలనీయండి. వేడికి, ఆరుదలకు తాళలేక పురుగులు కిందికి దిగి గిన్నెలో పడతాయి. భూతద్దంతో చూడండి. ఇటలీ శాస్త్రవేత్త బెర్లేసే 1905లో చెప్పిన పద్ధతికి ఇది ఇంటి రూపం.

పొరపాటు పడకండి

ఎరువు కుప్పలో పురుగు కనబడగానే మందు చల్లకండి. వేలంత లావున, తెల్లగా వంకర తిరిగి ఉంటే అది కొబ్బరిని తొలిచే కొమ్ము పురుగు పిల్ల కావచ్చు. దాన్ని ఏరి చంపండి, లేదా మెటారైజియం శిలీంధ్రం కలపండి. నలుసంత పురుగుల్ని మాత్రం వదిలేయండి.

మామిడి, వేప, కానుగ ఆకులు ఊడ్చి తగలబెడుతున్నారా? ఆకులోని నత్రజని, గంధకం చాలావరకు పొగలో పోతాయి. కింద బతికే ప్రాణులూ మాడిపోతాయి. ఆ ఆకునే చెట్ల పాదుల్లో పరచండి, లేకుంటే గుంటలో వేసి పేడనీళ్లు చల్లండి. అగ్గిపుల్ల గీసే ముందు ఒక్కసారి ఆకు తిరగేసి చూడండి. మీ దగ్గర కూలి అడగని కూలీలు అక్కడే ఉన్నారు.