కొండల్లోకి పంపితే పిల్లవాడు కుదుటపడతాడా?



చదువు మానేసి గదిలో తలుపు వేసుకునే కొడుకు, ఎవరితోనూ పలకని కూతురు, మత్తుకు అలవాటుపడిన తమ్ముడు. ఇలాంటి వారిని ఆసుపత్రికి తెచ్చిన కుటుంబాల నోట తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "కొన్నాళ్ళు వీళ్ళందరికీ దూరంగా, ఏ కొండ ప్రాంతానికో పంపితే మారతాడా?" అమెరికాలో దీనినే ఒక చికిత్సగా నడుపుతారని బంధువుల ద్వారా మీరు వినే ఉండవచ్చు. అందులో మేలు ఎంత, ప్రమాదం ఎక్కడ అన్నది తెలుసుకోవడం అవసరం.

ఆలోచన పాతదే. 1901లో న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ స్టేట్ మానసిక ఆసుపత్రిలో క్షయ సోకిన రోగులను ఆవరణలో గుడారాలు వేసి విడిగా ఉంచారు. క్షయ ఇతరులకు అంటకూడదన్నదే ఉద్దేశం. అయితే ఆరుబయట ఉన్నవారిలో కొందరి మానసిక స్థితి కూడా మెరుగుపడటం వైద్యులు గమనించారు. తర్వాత 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీ అనే తీరగ్రామంలో కర్ట్ హాన్ అనే విద్యావేత్త, లారెన్స్ హోల్ట్ అనే ఓడల కంపెనీ యజమాని కలిసి 'అవుట్‌వర్డ్ బౌండ్' అనే శిక్షణ బడిని ప్రారంభించారు. అది యుద్ధకాలం. ఓడ మునిగినప్పుడు వయసుమళ్ళిన నావికులు తట్టుకుంటుంటే, కండబలమున్న కుర్రవాళ్ళు ముందే ఆశ వదులుకుంటున్నారన్నది హోల్ట్ బాధ. ఆ పద్ధతి 1962లో అమెరికాలోని కొలరాడోకు చేరింది. యూటా ఎడారుల్లో, కొండల్లో ఇలాంటి శిక్షణలే క్రమంగా చికిత్సా శిబిరాలుగా మారాయి.

అక్కడ ఏం చేస్తారు?

ఎనిమిది, పది మంది పిల్లలు ఒక జట్టు. వీపున మూట కట్టుకొని నడవాలి, నిప్పు రాజేయాలి, వండుకోవాలి. కౌన్సెలర్ వారానికోసారి వచ్చి ఒక్కొక్కరితో మాట్లాడతారు. ఇలా రెండు మూడు నెలలు గడుస్తాయి. గుడారం సరిగా కట్టకపోతే రాత్రి వాన లోపలికి వస్తుంది. ఎవరూ తిట్టనక్కరలేదు, మరునాడు పిల్లవాడే జాగ్రత్తగా కడతాడు. ఇంట్లో ఏ మాట అన్నా గొడవకు దారితీసే పిల్లవాడికి ఇది కొత్త అనుభవం. ఒంటికి పని, కంటికి నిద్ర, సెల్‌ఫోన్ లేని రోజులు, తన వంతు పని తాను చేస్తేనే జట్టుకు అన్నం. మేలు జరిగితే వీటివల్లనే జరుగుతుంది.

శిబిరం ముగిసేనాటికి దిగులు తగ్గిందని, ధైర్యం పెరిగిందని చూపిన పరిశోధనలు ఉన్నాయి. కాని వాటిలో చాలావరకు శిబిరానికి వెళ్ళిన పిల్లలు చెప్పిన జవాబుల మీదే ఆధారపడ్డాయి. వెళ్ళనివారితో పోల్చి చూసినవి తక్కువ. ఆ మార్పు ఇంటికి వచ్చాక నిలుస్తుందా అన్నది ఇంటిని బట్టే ఉంటుంది.

"నాటకమాడుతున్నాడు"

ఇక్కడ కాస్త కఠినంగానే చెప్పవలసి ఉంది. 1990లో యూటాలో ఒక శిబిరంలో 16 ఏళ్ళ అమ్మాయి ఎండలో నడుస్తూ వడదెబ్బతో చనిపోయింది. 1994లో అదే రాష్ట్రంలో మరో శిబిరంలో 16 ఏళ్ళ అబ్బాయి కడుపునొప్పి అని రోజుల తరబడి మొరపెట్టుకున్నాడు. పని తప్పించుకోవడానికి నటిస్తున్నాడని అనుకున్నారు. కడుపులో పుండు చిల్లుపడి, చీము పట్టి ప్రాణం పోయింది. 1990 నుండి 2004 వరకు ఇలాంటి కార్యక్రమాల్లో జరిగిన పది మరణాలను అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ పరిశీలించి 2007లో నివేదిక ఇచ్చింది. శిక్షణ లేని సిబ్బంది, చాలని తిండి, పిల్లల మాట నమ్మకపోవడం అందులో కనిపిస్తాయి. అది గతం అనుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలో 12 ఏళ్ళ బాబు శిబిరంలో మొదటి రాత్రే ఊపిరాడక చనిపోయాడు. ఆ ఏడాదే రాష్ట్రం ఆ శిబిరం లైసెన్సు రద్దు చేసింది.

అడవి ఆ పిల్లలను చంపలేదు. "వీడు అబద్ధాలకోరు" అని ముందే నిర్ణయించుకున్న పెద్దల మధ్య, తల్లిదండ్రులకు ఫోను చేసుకునే వీలు లేకుండా ఉండటమే ప్రమాదం. కొందరు పిల్లలను తెల్లవారుజామున అపరిచితులు వచ్చి మంచం మీద నుంచి లేపి తీసుకువెళ్ళేవారు. తల్లిదండ్రులే డబ్బు చెల్లించి ఆ ఏర్పాటు చేసేవారు! అలా వెళ్ళిన పిల్లవాడు తిరిగివచ్చాక ఇంట్లో ఎవరిని నమ్ముతాడు?

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో వేరే దారి పట్టింది. 18 ఏళ్ళలోపు బిడ్డను మానసిక చికిత్సకు చేర్చుకుంటే, తల్లి, తండ్రి లేదా సంరక్షకుడు, లేదంటే వారు నియమించిన సహాయకులు, బిడ్డ ఆసుపత్రిలో ఉన్నంతకాలం తోడు ఉండాలి. వార్డులో నేలమీద చాప వేసుకొని పడుకోవడం మీకు కష్టమే. కాని ఆ తోడు కూడా చికిత్సలో భాగమే.

ఆరుబయటికి తీసుకెళ్ళే ముందు

మీ బిడ్డను మీరే ఉదయం చెరువుగట్టు మీదికో, పొలానికో నడిపించుకు వెళ్ళడం మంచిదే. డాక్టరుతో చెప్పి మొదలుపెట్టండి. మొదటి రోజు పావుగంట చాలు. దారిలో చదువు సంగతి ఎత్తవద్దు.

మందులు వాడేవారికి ఎండ విషయంలో జాగ్రత్త అవసరం. లిథియం మాత్ర వాడేవారు బాగా చెమటపట్టి నీళ్ళు తక్కువ తాగితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిపోతుంది. చేతులు ఎక్కువగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. భ్రమలకు ఇచ్చే మందులు కొన్ని ఒంటి వేడిని అదుపుచేసే శక్తిని తగ్గిస్తాయి. అందుచేత మే నెల మధ్యాహ్నం నడక వద్దు. ప్రయాణం పేరుతో మాత్రలు మానిపించవద్దు.

చనిపోవాలన్న మాటలు అంటున్నవారిని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనేవారిని, మద్యం మాని నాలుగైదు రోజులైనా కానివారిని ఏ శిబిరానికీ పంపకూడదు. మద్యం మానిన తొలి రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. వారికి ఆసుపత్రే అవసరం.

ఎవరైనా శిబిరం పేరు చెబితే మూడు విషయాలు అడగండి. బిడ్డ ఎప్పుడు కోరితే అప్పుడు మాకు ఫోను చేయవచ్చా? చెప్పకుండా వచ్చి చూడవచ్చా? జబ్బు చేస్తే చూసే డాక్టరు ఎంత దూరంలో ఉన్నారు? మొదటి రెండింటికి "కుదరదు" అన్నచోటికి ఎంత పేరున్నా పంపవద్దు.

రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.