650 మాటల్లో మీరు కనిపించాలి

ఇంటర్ కాగానే నేరుగా అమెరికాలో డిగ్రీకి వెళ్లాలనుకునే మన పిల్లలకు మార్కుల దగ్గర పెద్ద చిక్కేమీ ఉండదు. శాట్‌కీ, టోఫెల్‌కీ ఊరూరా కోచింగ్ దొరుకుతుంది. ఎక్కువమంది ఆగిపోయేది దరఖాస్తులో తమ గురించి రాయాల్సిన పర్సనల్ ఎస్సే దగ్గర. ‘‘నా గురించి రాయడానికి ఏముంది సార్? పొద్దున లేస్తే స్టడీ అవర్, పడుకునేదాకా స్టడీ అవర్’’ అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా వాళ్లు రాసిన వ్యాసాలన్నీ గైడ్‌లో ఉన్నవే. తన గురించి తాను ఆలోచించి నాలుగు ముక్కలు రాయమని వాళ్లను ఎవరూ అడగలేదు. అయినా నా నమ్మకం ఒకటే. రాయడానికి సరుకు లేని పిల్లలు ఉండరు. పెద్ద విషయాల కోసం వెతుకుతూ, కళ్లముందున్న చిన్న విషయాన్ని లెక్కలోకి తీసుకోరు, అంతే.

అడిగేది ఏమిటి?

అమెరికాలో చాలా కాలేజీలకు దారి కామన్ యాప్. 1975లో 15 కాలేజీలతో మొదలైన ఈ ఉమ్మడి దరఖాస్తును ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలు తీసుకుంటున్నాయి. ఇందులో పర్సనల్ ఎస్సేకి ఏడు ప్రశ్నలు ఉంటాయి. ఒకటి ఎంచుకుని 250 మాటలకు తగ్గకుండా, 650 మాటలు దాటకుండా రాయాలి. మీ నేపథ్యం లేదా ఆసక్తి, మీకు తగిలిన ఎదురుదెబ్బ, ఒక నమ్మకాన్ని ప్రశ్నించిన సందర్భం, ఎవరో చేసిన మేలు, మీలో ఎదుగుదల తెచ్చిన సంఘటన, వేళ తెలియకుండా మునిగిపోయే విషయం... ఇలా ఆరు. ఏడోది మీ ఇష్టం వచ్చిన అంశం. కాబట్టి ఏ ప్రశ్న తీసుకోవాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. ముందు చెప్పాల్సిన విషయం దొరికితే, దానికి సరిపడే ప్రశ్న ఏడింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు మాత్రం దరఖాస్తు వేరు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 మాటలకు మించకుండా జవాబులు రాయాలి. ఎంఐటీకీ సొంత దరఖాస్తు ఉంది. బ్రిటన్‌కు వెళ్లేవాళ్లు అక్కడి ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ యూకాస్ ద్వారా రాసే పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా మారింది. మొత్తం కలిపి 4000 అక్షరాలు. అక్కడ వాళ్లకు కావలసింది ప్రధానంగా మీరు చదవబోయే సబ్జెక్టు గురించే.

మన దగ్గర ఒక గందరగోళం ఉంది. ఎంఎస్‌కి వెళ్లిన అన్నయ్యో అక్కయ్యో రాసిన ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) తెచ్చి, దాన్నే కాస్త మార్చి పెట్టేద్దామనుకుంటారు. ఎస్‌ఓపీ పని వేరు. ఏం చదివారు, ఏ ప్రాజెక్టు చేశారు, ఈ కోర్సే ఎందుకు అన్నది అందులో చెప్పాలి. డిగ్రీ ఎస్సే చదివేవాళ్లు ఈ అమ్మాయి ఎలా ఆలోచిస్తుంది, ఈ అబ్బాయి దేన్ని పట్టించుకుంటాడు అని చూస్తారు. మీ మార్కులు, బహుమతులు దరఖాస్తులో వేరే చోట ఉండనే ఉన్నాయి. ఎన్‌సీసీ, ఒలింపియాడ్, కరాటే వంటివి చెప్పుకోవడానికి కామన్ యాప్‌లో పది గడులు ఇచ్చారు. వాటినే ఎస్సేలో మళ్లీ ఏకరువు పెడితే 650 మాటలూ వృథా.

ముందు నోట్‌బుక్, ఆ తర్వాతే ల్యాప్‌టాప్

మొదటి పది పదిహేను రోజులు ఎస్సే రాయకండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, రోజూ పడుకునే ముందు ఒక పేజీ నింపండి. తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చాలామంది చేతికి ముందు వచ్చేవి ప్యాషన్, లీడర్‌షిప్, హార్డ్‌వర్క్ లాంటి అరువు మాటలే. ఇంట్లో మాట్లాడే మాటల్లో రాస్తే జ్ఞాపకాలు వాటంతటవే వస్తాయి. వాక్యాలు అతకకపోయినా ఫర్వాలేదు, ఎవరికీ చూపించే పని లేదు.

పేజీ నింపడానికి కొన్ని దారులు చెబుతాను. ఇంట్లో మీరు లేకపోతే ఆగిపోయే పని ఏది? ఏ విషయం వస్తే ఫ్రెండ్స్ మిమ్మల్నే అడుగుతారు? అమ్మతోనో నాన్నతోనో వాదించి, ఆ తర్వాత మీరే మనసు మార్చుకున్న సంగతి ఉందా? క్లాసులో అడుగుదామనుకుని ‘సిలబస్‌లో లేదు’ అంటారని మింగేసిన ప్రశ్న ఏది? హాస్టల్‌కి వెళ్లేటప్పుడు బట్టలు, పుస్తకాలు కాకుండా ఏం పట్టుకెళ్లారు, ఎందుకు? వీటిలో మూడో ప్రశ్న నాకు చాలా ఇష్టం. మనసు మార్చుకున్న మనిషి ఆలోచన ఎటునుంచి ఎటు నడిచిందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భీమవరం దగ్గర ఒక ఊళ్లో ఒక అబ్బాయి వాళ్ల నాన్న రొయ్యల చెరువు చేస్తున్నాడనుకోండి. ఆ అబ్బాయి మొదటి డ్రాఫ్ట్ ఇలా మొదలవుతుంది: ‘చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం. అబ్దుల్ కలాం గారు నాకు స్ఫూర్తి. ఇంజినీరునై దేశానికి సేవ చేయాలన్నది నా ఆశయం.’ మంచి మాటలే, నిజం కూడా కావచ్చు. కానీ వేలమంది ఇదే రాస్తారు. ఇందులో ఆ అబ్బాయి ఎక్కడా లేడు.

అదే అబ్బాయి నోట్‌బుక్‌లో, సెలవులకు ఇంటికి వెళ్తే చెక్ ట్రేలు ఎత్తేది తనే అని ఒక మూల రాసి ఉంటాడు. మేత చల్లేటప్పుడు కొంచెం ఒక వలపళ్లెంలో పెట్టి నీళ్లలోకి దింపుతారు. రెండు గంటల తర్వాత పైకి తీసి, ఎంత మిగిలిందో చూసి తర్వాతి మేత పెంచాలా తగ్గించాలా అని తేల్చుకుంటారు. మబ్బు పట్టిన రోజు నాన్న ట్రే చూడకుండానే ‘‘ఇవాళ మేత తగ్గించరా’’ అంటాడు. ఎందుకని అడిగితే, ‘‘మబ్బురోజు తినవురా’’ అంటాడు. అబ్బాయి నమ్మలేదు. సెలవులన్నాళ్లూ తేదీ, ఎండ, ట్రేలో మిగిలిన మేత రాసి పెట్టాడు. నాన్న చెప్పిందే నిజమైంది. కారణం వెతికితే పదో తరగతి పుస్తకంలోనే ఉంది. ఎండ లేకపోతే నీటిలోని పచ్చటి నాచుజీవులు కిరణజన్య సంయోగక్రియ సరిగ్గా చేయలేవు, నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, రొయ్యలు మేత ముట్టవు. తెల్లవారుజామున నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఎందుకు ఆపకూడదో, కరెంటు పోగానే నాన్న నిద్రలోంచి లేచి జనరేటర్ దగ్గరికి ఎందుకు పరుగెత్తుతాడో కూడా అప్పుడే అర్థమైంది. పరీక్షలో ఆ పాఠానికి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాడికి అది తన చెరువులో జరుగుతోందని తెలియలేదు. పాఠం చదవని నాన్నకు దాని ఫలితం తెలుసు.

ఇదీ ఎస్సే. ఇక్కడ కలాం గారి పేరు లేదు, ఆశయం లేదు. ఒక సందేహం, దాన్ని పరీక్షించిన తీరు, తండ్రి మీద మారిన అభిప్రాయం ఉన్నాయి. ‘నాకు సైన్స్ అంటే ఇష్టం’ అని ఎక్కడా రాయకుండానే ఆ సంగతి తెలిసిపోతుంది.

చెరువు ఉన్నవాళ్ల సంగతి సరే, మాకేముంది అనకండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలకు లెక్కలు చెబుతూ, వాళ్లకు భిన్నాలు ఎందుకు ఎక్కడం లేదో కనిపెట్టిన అమ్మాయి ఉంటుంది. కిరాణా కొట్లో అప్పుల పుస్తకం రాస్తూ, ఎవరిని ఎలా అడిగితే నొచ్చుకోకుండా బాకీ తీరుస్తారో నేర్చుకున్న పిల్లవాడు ఉంటాడు. మీ నోట్‌బుక్‌లో అలాంటిది ఒక్కటి తగిలితే చాలు.

రాసేటప్పుడు

నిర్వచనంతోనో, మహనీయుల సూక్తితోనో మొదలుపెట్టకండి. సంగతి జరుగుతున్న చోటే మొదలుపెట్టండి. మొదటి డ్రాఫ్ట్ వెయ్యి మాటలు వచ్చినా రానివ్వండి, కోత తర్వాత. కోసేటప్పుడు ముందు పోవాల్సినవి ‘దీనివల్ల నేను ఓర్పు, పట్టుదల, టీమ్‌వర్క్ నేర్చుకున్నాను’ లాంటి వాక్యాలు. జరిగింది సరిగ్గా చెబితే చదివేవాళ్లే ఆ మాట అనుకుంటారు.

ఇంగ్లిష్ గురించి భయం అక్కర్లేదు. నిఘంటువు వెతికి పెట్టిన పెద్ద మాటలు పదిహేడేళ్ల పిల్లల నోట్లో అతకవు. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు చాలు. రాసింది పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం మార్చండి. ఇద్దరికి చూపించండి, అంతకుమించి వద్దు. ఇంగ్లిష్ లెక్చరర్ వ్యాకరణం దిద్దితే మంచిదే, మీ మాటతీరు మార్చేస్తే మాత్రం ఒప్పుకోకండి.

కష్టాల గురించి ఒక మాట. ఇంట్లో జబ్బు, అప్పు, చావు చూసిన పిల్లలుంటారు. వాటి గురించి రాయాలనిపిస్తే రాయండి, ఆ హక్కు మీది. జాలి పుట్టించడానికని మాత్రం రాయకండి. మనసుకు కష్టమైతే అసలు రాయనక్కర్లేదు. చదువుకు అడ్డుపడిన పరిస్థితులను క్లుప్తంగా చెప్పుకోవడానికి దరఖాస్తులో వేరే చోటు ఉంది.

డబ్బిచ్చి కన్సల్టెన్సీలో రాయించుకోవడం, ఏఐతో రాయించి పేస్ట్ చేయడం రెండూ ప్రమాదమే. ఏఐ రాసిన సరుకును సొంత రాతగా చూపడాన్ని కామన్ యాప్ 2023లోనే మోసాల జాబితాలో చేర్చింది. సలహా కావాలంటే, అమెరికా విదేశాంగ శాఖ నడిపే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ తమ దగ్గర సీటు తెచ్చుకున్నవారి మంచి ఎస్సేలు కొన్నిటిని వెబ్‌సైట్‌లో పెడుతుంది. అవి మీ మొదటి డ్రాఫ్ట్ అయ్యాకే చదవండి. ముందే చదివితే వాళ్ల దారిలో పడిపోతారు.

ఎప్పుడు?

కామన్ యాప్ దరఖాస్తు ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఎర్లీ దరఖాస్తులకు చాలా కాలేజీల గడువు నవంబరు 1. రెగ్యులర్‌కి జనవరి మొదటి రోజులు. సరిగ్గా అప్పుడే మీకు జేఈఈ మెయిన్, ప్రీఫైనల్స్ నెత్తిమీద ఉంటాయి. కాబట్టి నోట్‌బుక్ పని ఫస్టియర్ పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో మొదలవ్వాలి, చివరి డ్రాఫ్ట్ దసరా సెలవులు దాటకూడదు. ఇవి కాక ఒక్కో కాలేజీ విడిగా అడిగే చిన్న ఎస్సేలు కూడా ఉంటాయని మరవకండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు మీ గురించి, మీ పని గురించి, ఇంట్లో జరిగిన వాదన గురించి రాస్తే ‘ఇవన్నీ ఎందుకురా, ర్యాంకు గురించి రాయి’ అనకండి. ఏదైనా అడిగితే తెలిసింది చెప్పండి, డ్రాఫ్ట్ మాత్రం వాళ్లకే వదిలేయండి.