చెమట ఎందుకు పడుతుంది?

రోగికి తోడుగా వచ్చిన పెద్దలారా! మీ వెంట ఉన్న పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ఈ పాఠం చదివి వినిపించండి.

పిల్లలూ! ఎండలో ఆడుకుని వచ్చేసరికి చొక్కా తడిసిపోతుంది కదా. ఆ నీళ్ళు ఎక్కడివి?

మన చర్మంలో 20 నుండి 40 లక్షల స్వేద గ్రంథులు ఉన్నాయి. మన ఒంటి వేడి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. అంతకంటే పెరుగుతుంటే మెదడు ఈ గ్రంథులకు కబురు పంపుతుంది. అవి నీటిని, కొద్దిపాటి ఉప్పును చర్మం పైకి వదులుతాయి. అదే చెమట.

చెమట ఒంటిని ఎలా చల్లబరుస్తుంది?

మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. కుండ పైకి ఊరిన తడి ఆరిపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. మన ఒళ్ళూ అంతే. ఒక చేతిని తడిపి, రెండు చేతులకూ విసనకర్రతో విసిరి చూడండి. తడి చేయే చల్లగా ఉంటుంది. అంటే చెమట కారడం వల్ల కాదు, ఆరడం వల్ల ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు. అందుకే ఉక్కపోస్తుంది.

పెద్దలు గుర్తుంచుకోవలసినవి

1. చెమటతో పోయిన నీరు, ఉప్పు తిరిగి అందాలి. మంచినీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ తరచుగా ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఎంత ఇవ్వాలో డాక్టరుగారిని అడగండి.
2. పిల్లలకు వదులైన నూలు బట్టలు వేయండి. ఎండాకాలంలో పసిబిడ్డలను మందపాటి గుడ్డల్లో చుట్టకండి.
3. ఎండలో తిరిగినవారు ఒళ్ళు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వడదెబ్బగా భావించండి. కొందరికి చెమట ఆగిపోతుంది, కొందరికి పడుతూనే ఉంటుంది. "చెమట పడుతోంది కదా, ఫరవాలేదు" అనుకోవద్దు. ఇది ప్రాణాపాయం.
4. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేవరకు ఊరికే ఉండకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద చన్నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. జ్వరం మాత్రతో వడదెబ్బ తగ్గదు.

పిల్లలూ! ఇంట్లో తాతయ్య, నాయనమ్మ ఉంటే మధ్యాహ్నం పూట వారికి గ్లాసుతో నీళ్ళు అందించండి. ముసలితనంలో దాహం తెలియదు, చెమట కూడా తక్కువ పడుతుంది. వడదెబ్బ వారికి త్వరగా తగులుతుంది.