నాంచారమ్మ అడిగిన మాట

బందరులో ఒక అపార్ట్‌మెంటు ఉందనుకుందాం. నాలుగు అంతస్తులు, పదహారు ఫ్లాట్లు. కింద బైకులు పెట్టే చోటు. ఆ పక్కనే చిన్న గదిలో వాచ్‌మన్ కాపురం. అతని భార్య పేరు నాంచారమ్మ అనుకుందాం. వాళ్లది దివిసీమ, నాగాయలంక వైపు పల్లె. కౌలు చేసి, అప్పులపాలై బందరు చేరారు. నాంచారమ్మ మెట్లు కడుగుతుంది. నాలుగు ఇళ్లలో అంట్లు తోముతుంది. రాత్రి బడికి వెళ్లి చదవడం, రాయడం నేర్చుకుంది.

ఒకరోజు పొద్దున్నే గొడవ. మూడో అంతస్తులో గుమ్మం ముందు పెట్టిన గ్యాస్ బండ లేదు. ఖాళీ బండే. అయినా బండ బండే కదా!

"ఈ మెట్లు రోజూ ఎక్కి దిగేది ఎవరు?" అంది ఆ ఇంటావిడ. అందరూ నాంచారమ్మ వైపు చూశారు. ఎవరూ దొంగ అనలేదు. ఆ చూపు చాలు. నాంచారమ్మకు కాళ్లు వణికాయి.

"మెట్ల దగ్గర కెమెరా ఉంది కదమ్మా! అందులో చూడండి" అంది.

అందరూ సెక్రటరీ గారి ఇంటికి వెళ్లారు. టీవీలో మెట్లు కనిపిస్తున్నాయి. పాలబ్బాయి ఎక్కుతున్నాడు. అది ఇప్పటి బొమ్మ. నిన్నటి బొమ్మ ఏది? ఎంత నొక్కినా రాలేదు. పెట్టెలో హార్డ్ డిస్క్ ఎప్పుడో పాడైంది. ఎవరూ చూసుకోలేదు. కెమెరా చూస్తూనే ఉంది. చూసింది మాత్రం ఎక్కడా దాచలేదు.

మూడో రోజు బండ సంగతి తేలింది. గ్యాస్ బండలు వేసే అబ్బాయి పొరపాటున ఒక ఫ్లాటు బదులు ఇంకో ఫ్లాటు బండ తీసుకెళ్లాడు. కానీ ఆ మూడు రోజులు నాంచారమ్మకు అన్నం సయించలేదు. పాత బొమ్మ ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. కెమెరా దొంగను పట్టడానికే అని చాలామంది అనుకుంటారు. దొంగ కానివాళ్లకు కూడా అది సాక్ష్యమే.

రెండో అంతస్తులో ఒక రిటైరైన పంతులమ్మ గారు ఉన్నారు. ఆవిడ పట్టుబట్టి అందరిచేత చందా వేయించారు. గుడివాడ నుంచి కెమెరాలు బిగించే కుర్రాడు వచ్చాడు. నాంచారమ్మ నిచ్చెన పట్టుకుంది.

"ఈ పెట్టె ఏంటి బాబూ?"

"డీవీఆర్ అంటారక్కా. కెమెరా కన్ను. ఈ వైరు నరం. ఈ పెట్టెలో హార్డ్ డిస్క్ ఉంటుంది. చూసిందంతా దాంట్లో దాస్తుంది."

"ఎన్నాళ్లు దాస్తుంది? నిండిపోదా?"

"నిండాక పాతది చెరిపేసి, దాని మీద కొత్తది రాసుకుంటుంది."

"మా గాదె లాంటిదే! పాత వడ్లు తీస్తేనే కొత్త వడ్లకు చోటు" అంది నాంచారమ్మ.

పంతులమ్మ గారు అక్కడే లెక్క వేయించారు. ఒక కెమెరా రోజుకు సుమారు 20 జీబీ నింపుతుంది. బొమ్మ ఎంత స్పష్టంగా కావాలి అన్నదాన్ని బట్టి ఇది పెరుగుతుంది, తగ్గుతుంది. నాలుగు కెమెరాలకు 80 జీబీ. డిస్క్ 1 టీబీది అయితే, అంటే సుమారు 1000 జీబీ అయితే, ఎన్ని రోజులు వస్తుంది? 1000ని 80తో భాగించాలి. నాంచారమ్మ నేల మీద సుద్దముక్కతో వేసింది. పన్నెండు రోజులు వచ్చింది.

"పండక్కి ఊరెళ్లి పదిహేను రోజులకు వచ్చేవాళ్ల సంగతేంటి?" అంది. ఆ మాట నిజమే. తాళం పగిలిందని వచ్చాక తెలుస్తుంది. అప్పటికి ఆ రోజు బొమ్మ చెరిగిపోయి ఉంటుంది. దుకాణాలు, ఆసుపత్రులు వంటి వాటికి మన రాష్ట్రంలో 2013లో ఒక చట్టం వచ్చింది. ఎక్కువమంది వచ్చిపోయే చోట కెమెరాలు పెట్టాలి, ఆ బొమ్మలు 30 రోజులు దాచాలి అని చెప్పింది. ఇంటికి కూడా ఆ లెక్క మంచిదే. చివరికి 4 టీబీ డిస్క్ వేయించారు. కంప్యూటర్లో వాడే మామూలు డిస్క్ వద్దన్నాడు కుర్రాడు. రాత్రీ పగలూ ఆగకుండా రాసే పని ఇది. ఈ పనికి వేరే డిస్కులు దొరుకుతాయి.

బందరు గాలిలో ఉప్పు ఉంటుంది. వైరు అతుకులు బయట వదిలేస్తే కొన్నాళ్లకే చిలుము పడతాయి. బొమ్మ మసకబారుతుంది, తర్వాత పోతుంది. అందుకే అతుకులన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి మూశాడు. వానకు తట్టుకునే కెమెరాలే బయట పెట్టాడు.

పెట్టె ఎక్కడ పెట్టాలి? కింద వాచ్‌మన్ గదిలో పెడదామన్నారు సెక్రటరీ గారు.

"కింద వద్దండీ, నీళ్లొస్తే?" అంది నాంచారమ్మ.

దివిసీమ మనిషికి నీళ్ల సంగతి ఒకరు చెప్పాలా? 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఆ సీమలో ఊళ్లకు ఊళ్లనే ఊడ్చుకుపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ల కింది అంతస్తులు మునిగాయి. పెట్టె రెండో అంతస్తుకు చేరింది. దొంగ చేతికి సులువుగా దొరక్కుండా తాళం వేసిన బీరువాలో, గాలి ఆడేలా పెట్టారు. కెమెరాలకూ పెట్టెకూ కలిపి ఒక యూపీఎస్ పెట్టారు. కరెంటు పోతే కాసేపు ఆదుకుంటుంది. తుఫానుకు స్తంభాలు కూలి రెండు రోజులు కరెంటు రాకపోతే మాత్రం అదీ చేతులెత్తేస్తుంది.

ఊరెళ్లేవాళ్ల కోసం పోలీసులు కూడా కొన్నేళ్ల క్రితం ఒక ఏర్పాటు తెచ్చారు. దాని పేరు లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం. ముందుగా చెబితే పోలీసులే వచ్చి, తాళం వేసే ఇంట్లో ఒక కెమెరా పెట్టేవారు. లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకు కబురు అందేది. ఇప్పుడు ఉందా లేదా అన్నది దగ్గరి స్టేషన్‌లో అడిగి తెలుసుకోవాలి.

కెమెరాలు బిగించడం అయింది. టీవీ పెట్టారు. తెర మీద నాలుగు గళ్లు. ఒక గడిలో గేటు. ఒక గడిలో మెట్లు. ఒక గడిలో లిఫ్టు. నాలుగో గడిలో బైకులు. బైకుల వెనక ఒక కుళాయి, గోలెం, తాడు మీద చీర కట్టిన మరుగు.

నాంచారమ్మ ముఖం మారింది. "బాబూ, అది మా స్నానాల చోటు. మా అమ్మాయి పోసుకునేది అక్కడే."

"బైకులు కనపడొద్దా నాంచారమ్మా?" అన్నారు సెక్రటరీ గారు.

"బైకులు కనపడాలండి. నా బిడ్డ కనపడకూడదండి."

కుర్రాడు సర్దిచెప్పబోయాడు. "ఆ చోట తెర మీద నల్ల పట్టీ వేస్తానక్కా. కనపడదు."

"మళ్లీ ఎవరైనా ఆ పట్టీ తీసేస్తే?"

ఎవరూ మాట్లాడలేదు. సెక్రటరీ గారిది చెడ్డ ఉద్దేశం కాదు. ఆయన ధ్యాసంతా బైకుల మీదే. కానీ పెట్టెకు ఉద్దేశాలు తెలియవు. కన్ను ఎటు తిప్పితే అటు చూస్తుంది, చూసింది దాస్తుంది.

పంతులమ్మ గారు గుడ్లవల్లేరు సంగతి ఎత్తారు. అది గుడివాడకు దగ్గరే. 2024 ఆగస్టు చివర అక్కడ ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్లో, బాత్‌రూముల్లో రహస్య కెమెరాలు ఉన్నాయని మాట పుట్టింది. ఆడపిల్లలు రాత్రివేళ బయటకు వచ్చి ధర్నా చేశారు. పోలీసులు వెతికారు. కెమెరాలు దొరకలేదని చెప్పారు. కానీ ఆ భయం ఎంతటిదో తల్లులకు తెలుసు.

చట్టం కూడా ఉంది. తనను ఎవరూ చూడరు అనుకునే చోట, స్నానం వంటి వేళల్లో, ఆడమనిషిని చాటుగా చూసినా, బొమ్మ తీసినా నేరం. 2013లో దీన్ని చట్టంలో చేర్చారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 77వ సెక్షన్. మొదటిసారి రుజువైతే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్ల దాకా జైలు. జరిమానా కూడా. ఎవరి చాటు వారికి ఉండడం ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మేడమీద ఫ్లాటుకైనా, మెట్ల పక్క గదికైనా అదే హక్కు.

కెమెరాను ఎడమ పక్కకు తిప్పించారు. బైకులు కనిపించాయి. కుళాయి పోయింది. నాంచారమ్మ మూడుసార్లు కిందికి వెళ్లి గోలెం పక్కన నిలబడింది. మూడుసార్లూ పంతులమ్మ గారు పైనుంచి కేక వేశారు, "కనపడట్లేదమ్మా!"

ఇంకొకటి మిగిలింది. పాస్‌వర్డ్. అది పెట్టెకు తాళంచెవి. పెట్టెతో పాటు వచ్చే పాస్‌వర్డ్ అలాగే వదిలేస్తే, అది తెలిసినవాళ్లు ఎక్కడినుంచైనా ఫోన్‌లో ఈ మెట్లు చూడొచ్చు. బిగించిన కుర్రాడు వెళ్లాక సెక్రటరీ గారూ పంతులమ్మ గారూ కూర్చుని దాన్ని మార్చారు. అది ఆ ఇద్దరికే తెలుసు. పాత బొమ్మ ఎవరు చూడాలన్నా ఆ ఇద్దరూ ఉండాలి. ఎవరు చూశారు, ఎప్పుడు, ఎందుకు అన్నది ఒక పుస్తకంలో రాయాలి.

పుస్తకం నాంచారమ్మ దగ్గర పెట్టారు. రోజూ సాయంత్రం ఆమె పంతులమ్మ గారి ఇంటికి వెళ్తుంది. ముందు తెర మీద టైము చూస్తుంది. మొదటి రోజు 18:40 అని ఉంది.

"పద్దెనిమిది గంటలేంటండీ?"

"పన్నెండు తీసెయ్యమ్మా."

ఆరు. అంటే సాయంత్రం ఆరూ నలభై. గోడ గడియారంతో సరిపోల్చింది. పెట్టె గడియారం గంట అటూ ఇటూ అయితే, రాని మనిషి వచ్చినట్టు లెక్క తేలుతుంది. తర్వాత పంతులమ్మ గారు నిన్నటి బొమ్మ ఒక నిమిషం వేస్తారు. వచ్చిందా లేదా అని చూసి నాంచారమ్మ రాస్తుంది: "టైము సరి. నాలుగు బొమ్మలు ఉన్నాయి. నిన్నటిది వచ్చింది."

నెల తిరిగింది. మూడో అంతస్తు ఆవిడ కిందికి వచ్చింది. "నాంచారమ్మా, నిన్న మా ఇంటికి కొరియర్ అబ్బాయి వచ్చాడో లేదో కాస్త చూపించమను."

నాంచారమ్మ పుస్తకం తీసింది. పెన్ను అందించింది.

"ఎందుకు చూడాలో ఇక్కడ రాసి, సంతకం పెట్టండమ్మా. పంతులమ్మ గార్ని, సెక్రటరీ గార్ని పిలుస్తాను."