సంఘం కంప్యూటరు ఆగిపోతే: పవర్ సప్లయిని తక్కువ ఖర్చుతో మార్చుకొనే పద్ధతి

నేడు అనేక పాల సేకరణ కేంద్రాలలో తూకపు యంత్రం, పాల పరీక్ష యంత్రం, కంప్యూటరు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. సభ్యుడు పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర చీటీ మీద అచ్చయి వస్తాయి. ఆ కంప్యూటరు ఒక ఉదయం వెలగకపోతే పాలు పోసేవారు వరుసలో నిలబడిపోతారు, సెక్రటరీ కంగారుపడతాడు. ఆ కంగారులోనే సంఘం డబ్బు వృథా అవుతుంది. కంప్యూటరు వెలగనంత మాత్రాన అది పనికిరాకుండా పోయిందని అనుకోరాదు. చాలాసార్లు చెడిపోయేది అందులోని పవర్ సప్లయి డబ్బా ఒక్కటే. దీనినే బజారులో ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. దానిని గుర్తించి, సరైనది కొని, లెక్క ప్రకారం మార్చుకొనే విధానం ఈ పాఠంలో వివరిస్తున్నాము.

1. ఈ డబ్బా చేసే పని

గోడ ప్లగ్గు నుండి వచ్చేది 230 వోల్టుల ఏ.సి. కరెంటు. కంప్యూటరు లోపలి భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డి.సి. కరెంటు. ఈ మార్పు చేసేదే పవర్ సప్లయి. దుమ్ము, వేడి, ఎక్కువ తక్కువలయ్యే వోల్టేజి దీనికి శత్రువులు. పాల కేంద్రంలో తేమ కూడా తోడవుతుంది.

2. మొదట చూడవలసినవి

ఖర్చు లేని పరీక్షలు ముందు చేయవలెను. అదే ప్లగ్గులో ఒక బల్బు వెలిగించి చూడవలెను. యు.పి.ఎస్.ను తప్పించి కంప్యూటరును నేరుగా గోడ ప్లగ్గుకు కలిపి చూడవలెను. కరెంటు తీగ మార్చి చూడవలెను. డబ్బా వెనుక ఉండే చిన్న స్విచ్చి ఎవరైనా ఆర్పివేశారేమో గమనించవలెను. కంప్యూటరు వెలుగుతూ తేదీ, సమయం మాత్రమే తప్పు చూపుతుంటే లోపం పవర్ సప్లయిది కాదు. మదర్ బోర్డు మీది 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. తేదీ తప్పితే పాల పద్దు కూడా తప్పుతుంది కనుక దానిని వెంటనే మార్చవలెను.

3. మీటరుతో పరీక్ష

ఈ పని తెలిసిన మెకానిక్కు చేత చేయించవలెను. పక్కన కార్యదర్శి గాని, పాలకవర్గ సభ్యుడు గాని ఉండి చూడవలెను. డబ్బా నుండి వచ్చే ప్లగ్గులన్నీ కంప్యూటరు భాగాల నుండి ఊడదీసి, ఒక పాత ఫ్యాను మాత్రం కలపాలి. 24 పిన్నుల పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దానిని ఏదైనా నల్ల తీగతో చిన్న తీగ ముక్క ద్వారా కలిపితే డబ్బా పనిచేయడం మొదలుపెట్టాలి. ఫ్యాను తిరిగినంత మాత్రాన డబ్బా మంచిదని చెప్పరాదు. మీటరు పెట్టి చూసినపుడు పసుపు తీగ 11.4 నుండి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు తీగ 4.75 నుండి 5.25 మధ్య, నారింజ తీగ 3.14 నుండి 3.46 మధ్య ఉండవలెను. ఈ హద్దులు దాటితే డబ్బా మార్చవలసిందే.

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో కంప్యూటరు మొత్తం కొత్తది కొనాలని పాలకవర్గం ముందు అంచనా పెట్టారు. మీటరు పెట్టించి చూడగా పసుపు తీగ 10.6 వోల్టులు చూపింది. డబ్బా ఒక్కటి మార్చారు. మిగతా భాగాలన్నీ యథాప్రకారం పనిచేశాయి, ఆ పక్షం బిల్లులు వాయిదా పడలేదు.

ఒక హెచ్చరిక: డబ్బా మూత ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలువ ఉండవచ్చును. తడి నేల మీద నిలబడి, తడి చేతులతో ఏ ప్లగ్గునూ ముట్టరాదు.

4. ఎన్ని వాట్లది కొనవలెను?

పాల లెక్కలు వ్రాసే మామూలు కంప్యూటరు 150 వాట్లకు మించి వాడడం అరుదు. కనుక 600 వాట్ల డబ్బా కొనడం అనవసరపు ఖర్చు. నిజాయితీ గల 300 నుండి 450 వాట్ల డబ్బా చాలును. అయితే పెద్ద అక్షరాలతో వేసిన అంకెను నమ్మరాదు. చీటీ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు అని వ్రాశారో చూడవలెను. ఉదాహరణకు పైన 450 వాట్లని ఉండి, ఆ గడిలో 14 ఆంపియర్లని ఉన్నదనుకోండి. 12ను 14తో హెచ్చిస్తే 168 వాట్లే. కంప్యూటరు ఎక్కువగా వాడుకొనేది ఈ 12 వోల్టుల లైనునే కనుక ఆ డబ్బా అసలు బలం అంతే.

కొనేముందు పాత డబ్బాను దుకాణానికి తీసుకొనిపోయి కొలత, మరల రంధ్రాలు, ప్లగ్గులు సరిపోల్చుకోవలెను. 24 పిన్నులది, ప్రాసెసరు దగ్గర పెట్టే 4 పిన్నులది, హార్డ్ డిస్కుకు పెట్టే చదునైనది, ఈ మూడు ఉండాలి. కొన్ని కంపెనీల కంప్యూటర్లలో ప్లగ్గులు వేరుగా ఉంటాయి. వాటికి మామూలు డబ్బా పట్టదు.

5. ఎక్కడ పొదుపు చేయరాదు?

కొన్ని వందలకు దొరికే పేరులేని డబ్బాకు, రెండు మూడు వేలలో వారంటీతో దొరికే మంచి డబ్బాకు తేడా వోల్టేజి దెబ్బ తగిలినపుడు తెలుస్తుంది. ఒక సంఘంలో అన్నిటికంటే చవకది బిగించారు. వానాకాలంలో అది కాలిపోతూ హార్డ్ డిస్కును కూడా తీసుకొనిపోయింది. పదకొండు రోజుల పాల పద్దు మాయమైంది. చీటీలు దాచుకున్న వారికి లెక్క తేలింది. పారవేసిన వారికి అంతకు ముందు పక్షం సరాసరి మీద చెల్లించారు. కొత్తగా గేదె ఈనిన ఇంటివారికి ఆ సరాసరి నష్టమే కలిగించింది, ఎందుకంటే ముందు పక్షంలో వారు పోసిన పాలు కొద్దిపాటివి. డబ్బా మీద మిగిలిన డబ్బు కంటే సభ్యుల నడుమ పోయిన నమ్మకం విలువ ఎక్కువ.

అలాగే ఒక డబ్బా తీగలను ఇంకొక డబ్బాకు తగిలించరాదు. ప్లగ్గు ఒకేలా కనబడినా లోపలి పిన్నుల వరుస వేరుగా ఉండవచ్చును. దానివల్ల హార్డ్ డిస్కు కాలిపోతుంది. పొరుగు సంఘంలో మూలపడిన కంప్యూటరు డబ్బాను పరీక్ష కోసం ఒక పూట అరువు తెచ్చుకోవచ్చును గాని, పాత డబ్బాను కొని శాశ్వతంగా వాడడం మంచిది కాదు.

6. బిగించేటపుడు

పాత తీగలు ఊడదీయక ముందు సెల్ ఫోనుతో ఫోటో తీసుకోవలెను. వెనుక నాలుగు మరలు విప్పితే డబ్బా బయటికి వస్తుంది. లోపలి దుమ్ము తుడిచి, కొత్తది బిగించి, ఫోటో ప్రకారం తీగలు కలపవలెను. ప్లగ్గులను బలవంతంగా నెట్టరాదు. సరైన దిశలో పెడితే అవే దిగుతాయి. పనిలో పనిగా ఎర్తింగును ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించవలెను. ఎర్తింగు లేనిచోట కొత్త డబ్బాకు కూడా రక్షణ తక్కువే.

7. అంతవరకు పాల సేకరణ

సేకరణ ఒక్క పూట కూడా ఆపరాదు. తూకం, పరీక్ష యంత్రం విడిగా పనిచేస్తుంటే వాటి అంకెలను చేతి రిజిస్టరులో వ్రాయవలెను. పరీక్ష యంత్రం కూడా ఆగితే గెర్బర్ పద్ధతి, లాక్టోమీటరు ఉండనే ఉన్నాయి. ఆ సామాను అటక మీద పడవేయక శుభ్రంగా ఉంచవలెను. సభ్యునికి సంతకంతో చేతి చీటీ ఇవ్వవలెను. రోజూ సాయంత్రం పద్దును పెన్ డ్రైవులోకి ఎక్కించి, దానిని బీరువాలో ఉంచడం అలవాటు చేసుకోవలెను.

8. కాగితాలు

ఖర్చు కార్యదర్శి పరిమితిలో ఉన్నదో లేదో ఉపనిబంధనలలో చూసుకోవలెను. మించితే పాలకవర్గ తీర్మానం అవసరం. రెండు మూడు కొటేషన్లు, వారంటీ వ్రాసిన బిల్లు, వోచరు, స్టాకు రిజిస్టరు పద్దు ఆడిటుకు సిద్ధంగా ఉండాలి. పాత డబ్బాను చెత్తలో వేయరాదు. పద్దు తీసివేసిన తరువాత అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణదారునికే ఇవ్వవలెను.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

(అ) మన సంఘం పాల పద్దు నకలు చివరిసారి ఏ రోజు తీశారు?
(ఆ) కంప్యూటరు రేపు ఉదయం ఆగితే చేతి రిజిస్టరు వ్రాయగలవారు ఎవరు?
(ఇ) ఈ పక్షం చీటీలు మనలో ఎంతమంది దాచుకున్నాము?