పోటీ పరీక్షల ప్రత్యేకం: సచివాలయం నుంచి కర్మయోగి దాకా

ఆంధ్రప్రదేశ్‌లోని రామసముద్రం లాంటి సరిహద్దు మండలాల్లో కొలువు అనగానే ఇప్పుడు యువతకు గుర్తొచ్చేది గ్రామ సచివాలయమే. ఉద్యోగం రావడం తొలి మెట్టు. నైపుణ్యం పెంచుకుంటేనే పై మెట్లు అందుతాయి. గ్రూప్స్ అభ్యర్థులు గుర్తుంచుకోవాల్సిన అంశాలివి:

• గ్రామ, వార్డు సచివాలయాల ప్రారంభం: 2019 అక్టోబరు 2, అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరప.
• ప్రాతిపదిక: గ్రామాల్లో సుమారు 2,000 జనాభాకు ఒకటి.
• డిజిటల్ అసిస్టెంట్ హోదా: గ్రేడ్-6 పంచాయతీ కార్యదర్శి.
• శాఖాపరమైన పరీక్షల నిర్వహణ: ఏపీపీఎస్సీ.
• రాష్ట్ర శిక్షణ సంస్థ: మానవ వనరుల అభివృద్ధి సంస్థ, బాపట్ల.

మిషన్ కర్మయోగి: ప్రభుత్వ ఉద్యోగుల సామర్థ్యం పెంచే కేంద్ర కార్యక్రమం
• కేంద్ర మంత్రివర్గ ఆమోదం: 2020 సెప్టెంబరు 2.
• కేటాయింపు: ఐదేళ్లకు రూ.510.86 కోట్లు.
• లక్ష్యం: సుమారు 46 లక్షల కేంద్ర ఉద్యోగులు.
• ఆన్‌లైన్ వేదిక: ఐగాట్ కర్మయోగి.
• సామర్థ్య నిర్మాణ కమిషన్ తొలి ఛైర్మన్: ఆదిల్ జైనుల్‌భాయ్.

కీలక భావన: నిబంధనల ఆధారిత పాలన నుంచి పాత్ర ఆధారిత పాలనకు మార్పు. ఉద్యోగి నిర్వర్తించే పాత్రకు ఏ సామర్థ్యాలు కావాలో ముందే గుర్తిస్తారు. శిక్షణ వాటి చుట్టూ సాగుతుంది. సర్వీసు కాలం ఒక్కటే కొలమానమైతే నేర్చుకోవాలన్న తపన చల్లారిపోతుంది. మారుమూల పల్లెలో పనిచేసే ఉద్యోగికీ రాజధానిలోని అధికారికీ ఒకే నాణ్యమైన పాఠం అందాలి. దాని ఫలితం చివరికి అర్జీ పట్టుకొచ్చే రైతుకే దక్కుతుంది.